ఎస్ఎస్ సిగ్ని వెలుగును అంచనా కట్టడం: నా అనుభవం

ఎస్ఎస్ సిగ్ని హంస మండలంలో ఉండే, వెలుగు మారుతూ ఉండే నక్షత్రం. హన్మకొండలో మా డాబా మీద నుంచి అది కనిపించదు. మామూలు రోజుల్లో దాని కాంతి పరిమాణం 12 (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక). వీధిదీపాల వెలుతురులో నా ఆరంగుళాల టెలిస్కోపుకు అది అందదు. అందుకే వానలు తగ్గాక టెలిస్కోపును నర్సంపేట దాటి, పాకాల వైపు ఉన్న మామయ్య పొలానికి చేర్చాను. నేను వెళ్లిన రాత్రుల్లో ఆయన మోటారు దగ్గరి బల్బు కూడా ఆర్పేసేవారు.

అక్టోబరులో చీకటి పడేసరికి హంస మండలం ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది. ఆ మండలంలోని వెలుగు నక్షత్రం డెనెబ్ దగ్గర మొదలుపెట్టి, పటం చూస్తూ చుక్క వెంట చుక్క దాటుకుంటూ వెళ్లాలి. పటంలో పోలిక నక్షత్రాల (వెలుగు ముందే తెలిసినవి) పక్కన 109 అని ఉంటే కాంతి పరిమాణం 10.9 అని అర్థం. దశాంశ బిందువు పెడితే అదీ ఒక నక్షత్రమే అనుకుంటారని వదిలేస్తారు. మన నక్షత్రం కంటే కొంచెం వెలుగైనదాన్ని, కొంచెం మసకదాన్ని ఎంచుకుని, ఆ రెంటి మధ్య ఇది ఎక్కడ నిలుస్తుందో చెప్పాలి. కష్టమంతా ఇక్కడే. నిన్నటి అంకె గుర్తుంటే కన్ను అదే చూపిస్తుంది. అందుకే పాత నోటుబుక్కు ఇంట్లోనే వదిలి వెళ్లేవాణ్ణి.

సమయాన్ని అంతర్జాతీయ కాలమానంలోకి మార్చాలి. మన రాత్రి 8 గంటలు అక్కడ 14:30. వెలుగు మారే నక్షత్రాల పరిశీలనలను సేకరించే అమెరికా సంఘం ఏఏవీఎస్ఓ 1911లో ఏర్పడింది. అది పరిశీలకులకు ఒక కోడ్ ఇస్తుంది. దానితో నా అంచనాలు పంపాను.

ఒక సాయంత్రం అది 8కి దగ్గరగా వెలుగుతోంది! అంటే మామూలు కంటే దాదాపు నలభై రెట్లు వెలుగు. నిజానికి అక్కడ ఉన్నది ఒక జంట: ఒక శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం), దాని చుట్టూ 6.6 గంటలకోసారి తిరిగే తోడు నక్షత్రం ఉన్నాయి. తోడు నుంచి జారిన వాయువు కుబ్జ తార చుట్టూ పళ్లెంలా పేరుకుంటుంది. పళ్లెం వేడెక్కి హైడ్రోజన్ అయనీకరణం చెందగానే (అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోగానే) వాయువులో రాపిడి పెరిగి, అది వేగంగా లోపలికి జారుతుంది. పళ్లెం మొత్తం భగ్గుమంటుంది. సుమారు ఏడు వారాలకోసారి, కొన్నిసార్లు ముందూ వెనకగా, ఈ విజృంభణ జరుగుతుంది.

ఈ వివరణ నిలవడంలో నాలాంటి ఔత్సాహిక పరిశీలకుల పాత్ర ఉంది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కొలత ప్రకారం ఈ జంట సుమారు 520 కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి. అంత దూరం నుంచి ఇంత వెలుగు కనిపించాలంటే ఈ సిద్ధాంతం పొసగదు. ఇది రేడియో తరంగాల్లో ప్రకాశించేది విజృంభణ వేళల్లోనే. ఆ వేళలను ఔత్సాహికులు ఎప్పటికప్పుడు తెలియజేస్తేనే రేడియో టెలిస్కోపులు కొలవగలిగాయి. 2013లో దూరం సుమారు 370 కాంతి సంవత్సరాలని తేలి, సిద్ధాంతం నిలిచింది.

చలికాలం ముదిరితే హంస మండలం త్వరగా వాలిపోతుంది. ఇప్పుడు మిథునంలోని అలాంటిదే మరో నక్షత్రం యు జెమినోరమ్ చూస్తున్నాను. విజృంభించనప్పుడు అది నా టెలిస్కోపుకు అందదు. ఆ రాత్రుల్లో కనిపించిన అతి మసక పోలిక నక్షత్రం అంకె రాసి, 'ఇంతకంటే మసక' అని పంపుతున్నాను.