ఫిట్స్ మాత్రలు వేసుకుంటూ తల్లినైన వైనం

చిత్తూరులో ఇంటర్ చదువుతుండగా, పదహారో ఏట నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి పెళ్లయిన రెండో ఏడు వరకు సోడియం వాల్‌ప్రోయేట్ మాత్రలు పూటకు 400 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు వేసుకున్నాను. ఆ పదేళ్లలో జబ్బు తిరగబెట్టింది ఒక్కసారే. అదీ తిరుమలలో సర్వదర్శనం కంపార్ట్‌మెంటులో రాత్రంతా నిద్ర లేకుండా కూర్చుని, సంచిలో ఉన్న మాత్రను మరిచిపోయిన రోజున. ఇన్నేళ్లలో మందుల చీటీ ఎన్నిసార్లు తిరగరాయించుకున్నానో లెక్క లేదు గాని, రేపు తల్లి కావలసిన పిల్లకు ఈ మందు గురించి చెప్పవలసిన మాట ఒకటుందని ఏ వైద్యుడూ అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

పిల్లల కోసం తిరుపతిలో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ నా పాత చీటీలు చూసి, "ముందు న్యూరాలజిస్టును కలవండమ్మా, అంతవరకు నెల తప్పకుండా జాగ్రత్తపడండి" అన్నారు. సంగతంతా న్యూరాలజిస్టు విడమరిచి చెప్పారు. మామూలుగా 100 మంది శిశువుల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో లోపాలుంటే, వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల బిడ్డల్లో దాదాపు పదిమందికి ఉంటాయని, వెన్నెముక సరిగా మూసుకోకపోవడం వాటిలో ఒకటని, పైకి ఏ లోపమూ కనిపించని పిల్లల్లో కూడా మాట, చదువు, నడవడి వెనకబడవచ్చని, అలాంటి ఇబ్బందులు 100కి 30 నుంచి 40 మందిలో చూస్తున్నామని, మోతాదు పెరిగేకొద్దీ ముప్పు కూడా పెరుగుతుందని వివరించారు. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుందట. అంటే, నెల తప్పిందని పరీక్ష చేసుకుని ఆసుపత్రికి పరుగెత్తేసరికే ఆ గడువు దాదాపు దాటిపోతుంది.

ఇంటికి వచ్చి ఈ మాట చెప్పగానే అత్తయ్య, "ఆ మాత్రలు నిలిపేయ్ పాపా, బిడ్డకెందుకు ఆ విషం" అన్నారు. ఆవిడను తప్పుపట్టలేను, నాకూ అదే తోచి రెండు రోజులు మానేశాను. మూడో రోజు పొద్దున చెయ్యి ఉలిక్కిపడి కాఫీ గ్లాసు గోడకు కొట్టుకుంది. న్యూరాలజిస్టు గట్టిగా మందలించారు. హఠాత్తుగా మానితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదముందని, గర్భంతో ఉన్నప్పుడు అలా జరిగితే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణవాయువు అందదని చెప్పారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలను నమోదు చేస్తూ వస్తున్నారని, వారిలో ఎక్కువమంది ఆరోగ్యవంతులైన బిడ్డలనే కన్నారని ఆయన చెప్పాక నాకు ధైర్యం వచ్చింది.

వాల్‌ప్రోయేట్ బదులు లెవెటిరాసెటామ్ అనే మరో ఫిట్స్ మందును 250 మిల్లీగ్రాములతో ఉదయం, రాత్రి మొదలుపెట్టి 500కు పెంచారు. అది కుదురుకున్న తరువాతే పాత మందును రెండు వారాలకు 200 చొప్పున తగ్గించుకుంటూ పూర్తిగా తీసేశారు. రోజూ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం కూడా రాశారు. కొత్త మాత్రతో చిన్న మాటకే మండిపడేదాన్ని. ఆ మూడు నెలలు మా ఆయన ఎలా ఓర్చుకున్నారో ఆయనకే తెలియాలి. ఆరు నెలలు ఫిట్స్ లేకుండా గడిచాక ఇక పరవాలేదన్నారు.

గర్భం వచ్చాక చిత్తూరు నుంచి చంద్రగిరి మీదుగా తిరుపతికి నెలనెలా బస్సు ప్రయాణమే. ఐదో నెలలో చేతులు మళ్లీ అదరడం మొదలైంది. కడుపుతో ఉన్నప్పుడు మూత్రపిండాలు ఈ మందును వేగంగా బయటికి పంపేస్తాయట. అందువల్ల మోతాదును 750కి పెంచారు. మందు తగ్గించుకోవాలని ఎదురుచూస్తున్న నాకు ఆ మాట మింగుడు పడలేదు, కానీ మాత్ర మాత్రం మింగాను. 19వ వారంలో, బిడ్డ అవయవాలన్నీ పరిశీలించే టిఫా స్కానింగులో వెన్నెముక, గుండె బాగున్నాయని చెప్పేవరకు నాకు కంటి మీద కునుకు లేదు. ఏడో నెలలో పంటి నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇవ్వబోతే, ఫోన్ చేసి అడిగి, దాన్ని వెనక్కి ఇచ్చి పారాసెటమాల్ తెచ్చుకున్నాను. 20 వారాలు దాటాక ఆ రకం నొప్పి మాత్రలు బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవట.

ఫిట్స్ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అవసరం లేదన్నారు. కాన్పు మామూలుగానే జరిగింది, ఆడపిల్ల. తరువాత మోతాదును పాత స్థాయికి తగ్గించారు, పాలు ఇవ్వవచ్చన్నారు. నిద్ర చెడితే నాకు ప్రమాదం గనుక, నేను ముందే పిండి ఉంచిన చనుబాలను రాత్రిపూట మా ఆయన పాపకు పట్టేవారు. అలిపిరి మెట్లెక్కిస్తానని నా పేరిట మొక్కుకున్న అత్తయ్య, చివరికి ఆ మెట్లు తామే ఎక్కి వచ్చారు.

మా పిన్ని కూతురు ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు; దానికీ ఇదే జబ్బు, అదే వాల్‌ప్రోయేట్. వచ్చే మంగళవారం దాన్ని తిరుపతికి తీసుకెళుతున్నాను. అంతవరకు ఒక్క పూట కూడా మానవద్దని ఒట్టు పెట్టించుకున్నాను.