చెరువులో చేపల పని: మూడో ఏడాది లెక్కలు

మొదటి రెండేళ్ళు మేం చేసింది ఒక్కటే పని: చేపపిల్లల్ని తెచ్చి చెరువులో పోయడం. గాలానికి మాత్రం అరచేతంత జిలేబీ చేపలే (తిలాపియా) పడేవి. ఇంకా పోద్దామని తోటివాళ్ళు, ముందు లెక్క రాద్దామని నేను. చివరికి నోట్‌బుక్కే గెలిచింది.

లెక్క పెద్దదేం కాదు. ఎన్ని గాలాలు, ఎన్ని గంటలు, ఏ చేప, పొడవు, బరువు. ఇద్దరు నాలుగు గంటలు కూర్చుంటే ఎనిమిది గాలం-గంటలు. ఏమీ పడని రోజు కూడా రాయాల్సిందే, లేకపోతే లెక్కంతా గొప్పలే.

వేసవిలో ఒక రోహు పడింది. పొడవు 40 సెంటీమీటర్లు, తూస్తే 520 గ్రాములే. తల పెద్దది, వీపు కత్తిలా సన్నం. బరువును వందతో గుణించి, పొడవు ఘనంతో భాగిస్తే 0.81 వచ్చింది. బాగా తిన్న రోహుకి ఇది ఒకటి దాటుతుంది. అంటే చేపలకు కొదవ లేదు, తిండికే కొదవ. ఇంకా పిల్లల్ని పోసి ఉంటే పస్తుల్ని పంచినట్టయ్యేది.

తిండి ఎవరు తింటున్నారో వెతకక్కర్లేదు. జిలేబీ ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెడుతుంది, పిల్లల్ని నోట్లో దాచి కాపాడుకుంటుంది. ఇరుకైతే చిన్న సైజులోనే గుడ్లకొచ్చి అక్కడితో పెరగడం ఆపేస్తుంది. రోహు, బొచ్చె, మ్రిగాల అలా కాదు. వాటికి పారే వరదనీళ్ళు కావాలి, నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, మనమే పోయాలి. ఇది తెలియక మేం పట్టిన ప్రతి చేపనూ మర్యాదగా వదిలేశాం! ఇప్పుడు పడ్డ జిలేబీ తిరిగి నీళ్ళలోకి వెళ్ళదు. నెలకు రెండుసార్లు విసురు వల కూడా వేస్తున్నాం.

కొర్రమీనును మాత్రం కాపాడుతున్నాం, జిలేబీ పిల్లల్ని తినేది అదే కాబట్టి. గట్టు పక్కన నాచు మధ్య ఎర్రటి పిల్లలు బంతిలా గుంపుగా పైకి తేలుతూ మునుగుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయం. కాపలా ఉన్న పెద్ద చేప ఏది దగ్గరకొచ్చినా మీద పడుతుంది, పట్టడం తేలిక. అది పోతే పిల్లలు మిగలవు.

నాచు విషయంలో తప్పు చేశాం. గాలం వేయడానికి అడ్డమని ఒక్క రోజులో చాలా కోసి, నీటి అంచునే కుప్ప పోశాం. నాలుగో రోజు తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. కుళ్ళే నాచు ఆక్సిజన్ లాగేసింది, పైగా రెండు రోజులుగా మబ్బు. మోటారు పెట్టి నీళ్ళు పైకి చిమ్మాం, కుప్పను గట్టెక్కించాం. అయినా పదిహేడు చచ్చాయి, ఎక్కువ బొచ్చెలే. ఆ టెన్షన్ మళ్ళీ వద్దు. ఇప్పుడు కోత కొంచెం కొంచెంగానే, కోసింది ఆరోజే బయటికి. టెస్ట్ కిట్‌తో సూర్యోదయానికి ముందు కొలుస్తాం, ఆక్సిజన్ కనిష్ఠం అప్పుడే కాబట్టి. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే నిశ్చింత, 3కి దిగితే మోటారు.

పిల్లల్ని పోయడం మానలేదు, తగ్గించాం. ఈసారి వేలెడంత కాదు, జానెడు పిల్లలే. చిన్నవి పెద్ద చేపల నోట్లోకే పోతాయి. సంచిని పావుగంట నీళ్ళలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా చెరువు నీళ్ళు కలిపి, అవే ఈదిపోయేలా వదిలాం. ముందే అలుగుకు వెదురు తడిక కట్టాం. నిరుడు వరదకు ఎన్ని జారిపోయాయో ఎవరికీ తెలియదు. తడికకు చెత్త పట్టి నీళ్ళు ఎగదన్నుతాయి, వాన రోజు ఒకరు అక్కడ ఉండాల్సిందే. అదొక తలనొప్పి.

తుమ్మకొమ్మల మోపులు రాళ్ళు కట్టి రెండు మీటర్ల లోతులో ఐదు చోట్ల దింపాం. నెల తిరగకుండానే వాటి చుట్టూ చిన్న చేపలు చేరాయి. బెండు మోపుకు రెండు బారల ఎడంగా వేస్తే చాలు, దగ్గరైతే కొక్కెం పోయినట్టే. నావి ఇప్పటికి ఆరు పోయాయి.

గాలం-గంటకు పడే చేపలు నిరుటికన్నా తగ్గాయి. తోటివాళ్ళకు అది నచ్చలేదు. కానీ పోయిన ఆదివారం పడ్డ రోహు 41 సెంటీమీటర్లు, 800 గ్రాములు. లెక్కకు 1.16. తడి చేతులతో పట్టుకుని, వీపు మీద ఒకసారి వేలు రాసి చూసి వదిలేశాను.