నారాయణపేట బస్సులో మాహిం స్టేషన్

శ్రావణం దగ్గర పడిందని, చెల్లెళ్లిద్దరికీ చీరలు నారాయణపేటలోనే తీసుకుందామని 2025 జులై 21న బయల్దేరాను. సోమవారం. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో ఎక్కితే జడ్చర్ల దాకా నిలబడే ప్రయాణం. ఆడవాళ్లకు ఉచితం పెట్టడం మంచిదే, నేనేం కాదనను, కానీ జనం పెరిగినప్పుడు బస్సులూ పెంచాలి కదా. మహబూబ్‌నగర్ బస్టాండులో నీళ్ల సీసాకు ఐదు రూపాయలు ఎక్కువ తీసుకున్నారు, అక్కడే మూడ్ పాడైంది.

బస్సు కదిలాక వెనక సీటు కుర్రాడు ఫోన్‌లో వార్తలు ఫుల్ సౌండ్‌తో పెట్టాడు. 2006 బొంబాయి లోకల్ రైళ్ల పేలుళ్ల కేసులో హైకోర్టు 12 మందినీ నిర్దోషులని తేల్చింది. కింది కోర్టు 2015లో ఐదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం వేసిన కేసు. వాళ్లలో ఒకాయన ఈ హైకోర్టు తీర్పు వినకుండానే 2021లో జైల్లో చనిపోయాడు.

ఇక బస్సంతా మొదలైంది. కోర్టులు అమ్ముడుపోయాయని ఒకరు, పంతొమ్మిదేళ్లు అన్యాయంగా లోపల పెట్టారని ఇంకొకరు. ఇంతలో ఒకతను లేచి నిలబడి, ముందు సీట్లో పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకున్న బుర్ఖా ఆవిడ వైపే చూస్తూ, "వీళ్లను కాల్చి పారెయ్యాలి" అన్నాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. పిల్లాడు మాత్రం అతన్నే చూస్తున్నాడు.

నాకు దిల్‌సుఖ్‌నగర్ గుర్తొచ్చింది. 2013 ఫిబ్రవరిలో పేలుళ్లు జరిగినప్పుడు నేను కొత్తపేటలో హాస్టల్లో ఉన్నాను. ఫోన్లు కలవక అమ్మ రెండు గంటలు ఏడ్చింది. మర్నాడు టీకొట్టు దగ్గర ఇవే మాటలు. పాలమూరు నుంచే వచ్చిన నా రూమ్మేట్ తన పేరు చూసి ఎవరేమంటారోనని నాలుగు రోజులు గది దాటలేదు. అప్పుడూ నేను ఎవరినీ ఏమీ అనలేదు, ఈ రోజూ నోరు పెగల్లేదు. సిగ్గేసింది.

నా పక్కన కూర్చున్న పెద్దాయన అన్నాడు, "ఓ పిల్లగా, జర ఆగు. ఆ దినం నేను ఆడ్నే ఉంటిని."

ఈ రూట్లో బొంబాయి తెలియని ఇల్లు తక్కువ. ఒకప్పుడు మహబూబ్‌నగర్ నుంచి అక్కడికి వారానికి ఒక్క బస్సు ఉండేదట, 2003 నాటికి వారానికి 30కి పైగా నడిచాయి, అన్నీ వలస కూలీలతోనే. ఈయన స్లాబ్ పనులకు పోయి ధారావి వైపు, మాహిం స్టేషన్ దగ్గర గుడిసెలో ఉండేవాడట. సాయంత్రం ఆరున్నరప్పుడు పెద్ద చప్పుడు. ఆ రోజు 11 నిమిషాల్లో ఏడు రైళ్లలో, అన్నీ ఫస్ట్‌క్లాస్ పెట్టెల్లోనే పేలాయి, 189 మంది పోయారు. ఆయనకు అవేవీ తెలియవు, మాహిం ఒక్కటే తెలుసు.

"స్ట్రెచర్లు ఏడున్నయ్ సారూ. నేను కప్పుకునే చద్దరు తెచ్చిన. నాలుగు కొసలు నలుగురం పట్టినం. నాకెదురు కొస పట్టింది మా గల్లీ సాయిబు. వాని చేతులు, నా చేతులు ఒక్కతీర్గ వణికినయ్. చద్దర్ల ఉన్నాయన పాంటు చొక్కా ఏసుకున్న పెద్ద ఆఫీసరు లెక్క ఉండె, చేతిల ఛత్రీ. ఎంత గుంజినా ఇడవలే. ఛత్రీతోనే టెంపోల ఎక్కిచ్చినం, సయన్ ఆసుపత్రికి. చద్దరు గూడ ఆయనతోనే పోయింది."

"బతికాడా?" అన్నాను.

"ఎట్ల తెలుస్తది. తెల్లారి రైళ్లు నడిచినయ్, నేను అదే రైల్ల పనికి పోయిన."

కుర్రాడు ఫోన్ ఆపేశాడు. నిలబడినతను ఎప్పుడు కూర్చున్నాడో నేను చూడలేదు. దేవరకద్ర దాటేదాకా పెద్దాయన తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ ఉన్నాడు, ఇంకా గుడ్డ కొస పట్టుకున్నట్టే.

మరికల్‌లో దిగుతూ, మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగాడు. "మరి చేసినోళ్లు ఎవరంట సారూ?"

కండక్టర్ రైట్ అన్నాడు, బస్సు కదిలింది.

చీరలు కొన్నాను, ధర మండిపోతోంది, బేరమాడే ఓపిక లేక అడిగినంతా ఇచ్చేశాను. మూడు రోజులకు సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చిందని, విడుదలైనవాళ్లు తిరిగి జైలుకు పోనక్కర్లేదందని పేపర్లో వచ్చింది. రెండుసార్లు చదివాను. పెద్దాయన అడిగిందానికి అందులోనూ జవాబు లేదు.