నేలలో ఒక ఇనుప కడియం

పొద్దున ల్యాబ్‌కి బయల్దేరి కిందికి దిగితే నా బండి హ్యాండిల్‌కి జరిమానా చీటీ వేలాడుతోంది. బండి ఉందన్న సంతోషంలో ముందు ఆ కాగితం సంగతే పట్టలేదు. మూడు వారాలుగా ఇదే వరస. మెట్లు దిగుతుంటేనే కళ్లు బండిని వెతుకుతాయి, అది కనబడ్డాకే గుండె కుదుటపడుతుంది.

చీటీలో రాసిన నేరం: మెట్ల పక్క రెయిలింగుకి వాహనాన్ని గొలుసుతో కట్టడం.

మూడు వారాల కిందట ఒక రాత్రి, వెనక పార్కింగ్‌లో నా బండి పక్కనే ఉన్న నా స్నేహితుడి బండి పోయింది. వాడు అజాగ్రత్త మనిషి కాదు. హ్యాండిల్ లాక్ వేశాడు, ముందు చక్రానికి డిస్క్ లాక్ కూడా వేశాడు. తెల్లారి చూస్తే చోటు ఖాళీ, నేల మీద ఈడ్చిన గీత కూడా లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తి ఏ వ్యానులోనో పెట్టుకుని పోయుంటారు. డిస్క్ లాక్ చక్రం తిరగకుండా ఆపుతుంది, అంతే. ఎత్తేవాడిని ఆపలేదు. హ్యాండిల్ లాక్‌ని బలంగా తన్ని విరగ్గొట్టేస్తారు. బండి ఉన్నచోట ఉండాలంటే దాన్ని కదలని దేనికైనా కట్టాల్సిందే, వేరే దారి లేదు.

అందుకే పదహారు మిల్లీమీటర్ల మందం గొలుసు కొన్నాను. మోయలేనంత బరువు. కానీ అంత మందాన్ని చేతి కట్టర్‌తో కోయడం కుదరదు, ఇనుము కోసే గ్రైండర్ కావాలి. గ్రైండర్ పెడితే చప్పుడుకి ఎవరో ఒకరు కిటికీ తీసి చూస్తారు. గొలుసుని వెనక చక్రంలోంచి, ఫ్రేమ్ లోపల్నుంచి తీసుకొచ్చి రెయిలింగుకి వేశాను. ముందు చక్రానికి వేస్తే ఆ చక్రం ఊడదీసి మిగతా బండి పట్టుకుపోతారు. గొలుసు నేలకి తగలకుండా బిగించాలి కూడా. నేల మీద పడి ఉంటే దాన్ని రాయి మీద పెట్టినట్టు సుత్తితో కొట్టొచ్చు. ఇవన్నీ ఈ మూడు వారాల్లోనే నేర్చుకున్నాను.

చీటీ పట్టుకుని క్యాంపస్ పోలీసుల ఆఫీసుకి వెళ్లాను. లోపలున్న పెద్దాయన కోప్పడలేదు. "బాబూ, ఆ రెయిలింగు పట్టుకుని మెట్లెక్కేవాళ్లుంటారు. బండ్లు కడితే వాళ్లకి చెయ్యి ఆనించుకునే చోటుండదు" అన్నారు. అది న్యాయమైన మాట. ఒప్పుకున్నాను, జరిమానా కడతానని కూడా చెప్పాను.

"మరి ఎక్కడ కట్టుకోమంటారు సర్?"

"వెనక పార్కింగ్ ఉంది కదా."

"అక్కడ కట్టడానికి ఒక్క స్తంభం కూడా లేదు సర్. లైటు కూడా వెలగట్లేదు. మా వాడి బండి పోయింది అక్కడే."

ఆయన కాసేపు ఆగి, "పోయే బండి ఎలా కట్టినా పోతుంది బాబూ" అన్నారు.

ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. దొంగతనం వానలాంటిదా, వస్తే తడవాల్సిందేనా? ఆపడానికి ఏమీ లేదని వీళ్లే అనుకుంటే ఇక మేం ఎవరి దగ్గరికి వెళ్లాలి?

బండి పోయిన రోజు పొద్దున్నే వీళ్లని రెండే అడిగాం. ఒకటి, క్యాంపస్‌లో మిగతా పార్కింగులన్నీ వెంటనే ఒకసారి తిరిగి చూడమని. కొందరు దొంగలు ఎత్తిన బండిని దగ్గర్లోనే ఎక్కడో నిలిపి, బండి ఎక్కడుందో చూపే ట్రాకర్ ఉంటే ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని ఒకటి రెండు రోజులు చూసి అప్పుడు తీసుకెళ్తారు. ఆ కాస్త సమయమే మాకున్న ఆశ. "చూస్తాం" అన్నారు. చివరికి మధ్యాహ్నం దాకా మేమిద్దరమే నడిచి తిరిగాం. రెండోది, కెమెరా రికార్డింగ్. దానికి ఫారం కావాలన్నారు, ఫారం మీద సంతకం కావాలన్నారు. సంతకం దొరికేసరికి పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోయింది.

ఫిర్యాదులో ఛాసిస్ నంబర్, అంటే బండి ఫ్రేమ్ మీద చెక్కి ఉండే నంబర్ కూడా తప్పు రాశారు, సున్నా ఉన్నచోట ఇంగ్లిష్ ఓ అక్షరం. ఆ పదిహేడు అంకెల, అక్షరాల నంబర్లో ఓ అనే అక్షరమే వాడరు, సున్నాతో కలిసిపోతుందని. పక్కనే ఉన్నాను కాబట్టి చూసి దిద్దించాను. చూడకపోతే? రేపు ఆ బండి ఎక్కడైనా దొరికినా, నంబర్ కలవట్లేదని వదిలేసేవాళ్లు. వాడి బండి తిరిగొచ్చే చివరి దారి కూడా ఆ ఒక్క అక్షరంతో మూసుకుపోయేది. దీనికి నాకు ఇంకా కోపం తగ్గలేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. వెనక పార్కింగ్ నేలలో, సిమెంటు పోసి, వరసగా కొన్ని ఇనుప కడియాలు దింపమంటున్నాను. లేదా రెండు స్తంభాలు పాతి మధ్య ఒక లావు కడ్డీ. ఆ లైటు వెలిగించడం. సాయంత్రం ఇదంతా ఒక కాగితం మీద రాసి, అక్కడ బండ్లు పెట్టేవాళ్లు వచ్చేదాకా నిలబడి పద్నాలుగు సంతకాలు తీసుకున్నాను. రేపు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుంటాను.

ఆఖరి సంతకం పెట్టినతను ఇంకో బిల్డింగు విద్యార్థి, నాకు పరిచయం లేదు. కాగితం చదివి, నా గొలుసు వైపు చూసి, "మన రెండు బండ్లూ కలిపి కట్టేద్దామా? రెండూ కలిపి ఎత్తడం కష్టం కదా" అన్నాడు. నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. నా వెనక చక్రం, అతని వెనక చక్రం, రెండు ఫ్రేములూ కలిపి గొలుసు బిగించాం. పొడవు సరిగ్గా సరిపోయింది. తాళం చెవి ఒక్కటే, అది నా దగ్గరుంది. అతనికి ఏడింటికి క్లాసు. నేను ముందే వెళ్లి తాళం తీయాలి. అలారం ఆరున్నరకి పెట్టాను.