ఐదుగురు మనుషులు, ఒక గోడ క్యాలెండర్

అమెరికా వలస జీవితాల మీద, ఐదారుగురి కథలు ఒకదాన్నొకటి అల్లుకునే నవలని ఆడియోగా వింటుంటే మూడో గంటలో తప్పకుండా ఒక అనుమానం వస్తుంది: "ఇంతకీ ఈ శ్రీధర్ ఎవరు?" అచ్చు పుస్తకమైతే నాలుగు పేజీలు వెనక్కి తిప్పుతాం. కారు నడుపుతూ వినేవాళ్లకి ఆ వీల్లేదు. అందుకే ఇలాంటి నవలకి కథకన్నా ముందు ముడి తేల్చుకోవాలి. ఈ మనుషుల్లో ఎవరు లేకపోతే ఎవరి బతుకు ఆగిపోతుంది?

ఇండియన్ గ్రోసరీలో అనుకోకుండా ఎదురుపడటం ముడి కాదు. అక్కడ వలసొచ్చినవాళ్లని ఒకరికొకరిని కట్టేసేది కాగితం. హెచ్‌1బీ (కంపెనీ ఇప్పించే ఉద్యోగ వీసా) మీదున్నాయన ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకుముందే ముగిసిపోతే గడువూ అక్కడితోనే సరి. ఆలోగా మరో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. భార్య హెచ్‌4, అంటే కుటుంబానికిచ్చే వీసా, ఆయన స్టేటస్‌నే పట్టుకుని ఉంటుంది. చిన్నప్పుడే వెంట తెచ్చుకున్న కూతురికి 21 నిండితే ఆ హెచ్‌4 కూడా ఉండదు. వాళ్లింటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న కుర్రాడు ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉంటాడు: 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే ఇంకో 24. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా ఉన్న రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. ఇల్లుగలాయన ఇల్లు అమ్మేస్తే ఆ కుర్రాడు గది వెతుక్కోవాలా, ఉద్యోగం వెతుక్కోవాలా? ఒక్క లేఆఫ్ ఫోనుతో నాలుగు కథలు కదిలాయి. కాకతాళీయాల్ని అరువు తెచ్చుకునే పనే లేదు.

కాబట్టి రాయడానికి ముందు గోడకి ఒక క్యాలెండర్ తగిలించి, ఒక్కో పాత్రకీ దిగిన రోజు, ఐ-94 గడువు, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరసలో చోటు దొరికిన తేదీ), పిల్లల పుట్టినరోజులు రాసుకోవాలి. కథ ఏ ఏడాదిలో జరుగుతోందో కూడా. రూల్సు మారిపోతుంటాయి మరి. హెచ్‌4 వాళ్లలో కొందరికి వర్క్ పర్మిట్ 2015 మే నుంచి మొదలైంది, అదీ ప్రధానంగా భర్త లేదా భార్య ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినవాళ్లకి. 2012లో జరిగే కథలో హెచ్‌4 ఇల్లాలు ఆఫీసుకెళ్తే తెలిసినవాళ్లు అక్కడే ఆపేస్తారు. ఇంకో తరచూ దొర్లే పొరపాటు ఇంటికి ఫోన్లు. న్యూజెర్సీ ఎడిసన్‌లో రాత్రి తొమ్మిదైతే హైదరాబాద్‌లో జనవరిలో మర్నాడు ఉదయం ఏడున్నర, జూలైలో ఆరున్నర. అమ్మ పాలు కాస్తోందా, నాన్న పేపరు ముగించాడా అన్నది ఆ గంట తేడాలో ఉంటుంది.

ఇక చెవి సంగతి. శ్రీధర్, శ్రీకాంత్, శ్రీనివాస్ ఒకే నవలలో ఉండకూడదు. మొదటి అక్షరం, పేరు పొడవు రెండూ వేరుగా ఉండాలి. తెలుగులో ఇంకో చిక్కుంది: "అన్నాడు", "అంది" మాట చివర్లో వస్తాయి. కంటికి కొటేషన్ గుర్తులు కనిపిస్తాయి, చెవికి కనిపించవు. మందు పిలుపులో ఉంది. "వదినా, ఆ లెటర్ వచ్చిందా?" అంటే మొదటి మాటకే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. "ఒరేయ్", "ఏవండీ", "అంకుల్" కూడా ఇదే పని చేస్తాయి. యాస ఇంకా బలమైన గుర్తు. కానీ వరంగల్ యాసనో శ్రీకాకుళం యాసనో నవ్వు పుట్టించే పాత్రకి మాత్రమే అంటగట్టడం పాత జబ్బు. లాయర్‌కీ ఇచ్చి చూడండి. మెక్సికో నుంచి వచ్చిన సహోద్యోగి ఇంగ్లీషుని మాత్రం మామూలు తెలుగులోనే చెప్పించాలి. ఉచ్చారణ అనుకరిస్తే వెక్కిరింతలా వినిపిస్తుంది.

చదివే ప్రతిలో హెచ్‌1బీని "హెచ్ వన్ బీ" అనీ, ఐ-140ని "ఐ వన్ ఫార్టీ" అనీ పలికేట్టే రాసుకోవాలి. లేకపోతే మైకు ముందు నాలుక తడబడుతుంది. ఒకే గొంతు చాలు. పాత్రల తేడా గొంతు హెచ్చుతగ్గు స్థాయిలో కాదు, వేగంలో, ఊపిరిలో చూపించాలి. ఆడవాళ్ల మాటలకి మగ గొంతు సన్నబడితే అంతకన్నా ఇబ్బంది లేదు. ఒక్కో పాత్రవి ఇరవై సెకన్లు విడిగా రికార్డు చేసి దాచుకుని, రోజూ మొదలుపెట్టేముందు వినాలి. ఆరో అధ్యాయంలో వెళ్లిన మనిషి పద్దెనిమిదిలో తిరిగొచ్చేసరికి గొంతు మారిపోయేది ఇది చేయకే.

బట్టలు నిండిన క్లాజెట్ మంచి స్టూడియో. ఫర్నేసు, ఫ్రిజ్ చప్పుడు లేకుండా చూసుకోండి. తర్వాత నాయిస్ గేట్ (చిన్న చప్పుళ్లని దానంతటదే మూసేసే ఫిల్టర్) పెడదాంలే అనుకుంటే వాక్యాల మధ్య ఊపిరి కత్తిరించినట్టు తెగుతుంది. కొలతలకి, ఆడియో పుస్తకాలమ్మే ఆడిబుల్ వాళ్ల ఏసీఎక్స్ వేదిక పెట్టిన ప్రమాణం పనికొస్తుంది: సగటు ధ్వని మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్, శిఖరం మైనస్ 3 దాటకుండా, గది చప్పుడు మైనస్ 60 లోపు, 44.1 కిలోహెర్ట్జ్, 192 కేబీపీఎస్ ఎంపీ3, ఒక్కో ఫైలు 120 నిమిషాల లోపు. గంట ఆడియో తయారవడానికి ఐదారు గంటల పని పడుతుంది. అందులో ఎక్కువ భాగం ఎడిటింగే.

దృశ్యం మారినప్పుడు రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం ఉంచి, కొత్త దృశ్యం మొదటి వాక్యంలోనే మనిషి పేరు పలకాలి. చివరగా, కథ తెలియని ఒకరికి మూడు అధ్యాయాలు వినిపించి, వారం ఆగి నాలుగోది ఇవ్వండి. ఎక్కడ "ఇతనెవరు?" అంటారో రాసుకోండి. ఆ చోట గొంతు మార్చడం కాదు, వాక్యం తిరగరాయాలి.