హారన్ మోగితే ఇంకా ఉలిక్కిపడుతున్నారా?

యాక్సిడెంట్‌లో విరిగిన కాలు అతుక్కుంది. మనిషి మాత్రం ఆ మలుపు వైపు వెళ్లడు. లారీ హారన్‌కి చెమటలు పడతాయి, అర్ధరాత్రి కేకేసి లేస్తాడు. ఇంట్లోవాళ్లు జడుసుకున్నాడని తాయెత్తు కట్టిస్తారు. కట్టించండి, డాక్టరుకూ చూపించండి.

మొదటి కొన్ని వారాలు ఇలా ఉండటం మామూలే, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గక, పనికీ కాపురానికీ అడ్డొస్తుంటే పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం, ఘోరం చూశాక మనసుకు పట్టుకునే జబ్బు) అనుమానించాలి. వద్దన్నా ఆ దృశ్యం కళ్లముందుకు రావడం, ఆ చోటునూ ఆ మాటనూ తప్పించుకు తిరగడం, నిద్ర లేకపోవడం, చిరాకు ఇట్టే కనిపిస్తాయి. కనిపించనిది ఇంకొకటుంది: తప్పంతా నాదేనన్న భావన, సొంత పిల్లల మీద కూడా మనసు మొద్దుబారడం. దాన్ని మనవాళ్లు పొగరు అనుకుంటారు! కొందరికి ఇవన్నీ ఆరు నెలల తర్వాత ముదురుతాయి.

నిద్ర కోసం మందు కొట్టడం, షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకోవడం జబ్బును ముదరబెడతాయి. అసలు చికిత్స మాటలతోనే. శిక్షణ పొందిన సైకాలజిస్టు భయపెట్టే జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేస్తారు, సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు. మొదటి రెండు మూడింటిలో కొందరికి బాధ పెరిగినట్టుంటుంది, అక్కడే మానేసేవాళ్లూ ఉంటారు. అవసరమైతే సైకియాట్రిస్టు సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తారు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చావు మాటలు వినిపిస్తే మాత్రం మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.