పొలం గట్టున మా అమ్మాయి చదువు

విదేశంలో పెరుగుతున్న పిల్లలకు సొంత ఊరిని దగ్గర చేయడానికి మనం పండుగలను, సంగీతాన్ని, వారాంతపు తెలుగు బడిని నమ్ముకుంటాం. వాటి విలువ వాటికుంది. అయితే న్యూజెర్సీలో పుట్టిన మా అమ్మాయిని కోనసీమకు నిజంగా చేరువ చేసింది డిగ్రీలో తీసుకున్న సమాజశాస్త్రమేనని నా గట్టి నమ్మకం.

మొదట్లో మార్క్స్, వెబర్, డర్క్‌హైమ్‌ల సిద్ధాంతాలు, ఆ తర్వాత గణాంకాలు, పరిశోధనా పద్ధతులు చదివింది. ఫిలడెల్ఫియాలోని నల్లజాతివారి జీవనం గురించి అమెరికా నల్లజాతి సమాజశాస్త్రవేత్త డుబోయిస్ ఇంటింటికీ తిరిగి సేకరించిన వివరాలతో 1899లో వెలువరించిన అధ్యయనం ఆమెను బాగా కదిలించింది. చివరి ఏడాది పరిశోధనా వ్యాసానికి మా ఊరి కౌలు రైతులను ఎంచుకోవడానికి అదే ప్రేరణ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీటితో పండిన వరి మా వంటి కుటుంబాలను కాలేజీలకు, పట్నాలకు, చివరికి అమెరికాకు పంపింది. పొలం మాత్రం అక్కడే ఉండిపోయింది, దాన్ని దున్నేవారు వేరొకరయ్యారు. ఈ వరుసను ఆమె కాగితం మీద గీసి చూపించినప్పుడు, మా ఇంటి కథ ఒక పెద్ద చరిత్రలో ఎక్కడ ఉందో నాకు స్పష్టంగా కనిపించింది.

వేసవిలో ఊరు వెళ్లాం. విశ్వవిద్యాలయ నైతిక సమీక్షా మండలి ఆమోదించిన అంగీకార పత్రాన్ని మా పొలం చేసే రైతుకు గట్టు మీదే తెలుగులో చదివి వినిపించింది. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకున్న కౌలు, తుపానుకు పంట పడిపోయిన ఏడాది ఎలా కట్టారని అడిగింది. ఆయన నా వైపు చూసి, "ఆయ్, మాకేం లోటండి పాపగారూ, అమ్మగారి దయ" అన్నారు. మా అమ్మాయి పెన్ను మూసి, "అమ్మా, నువ్వు పక్కనుంటే ఆయన నీకు జవాబు చెబుతారు, నాకు కాదు. కాసేపు ఇంటికి వెళ్తావా?" అంది. వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆయన ఏం చెప్పారో ఆమె ఈనాటికీ నాతో అనలేదు, నేనూ అడగలేదు. భూమి ఉన్నవారి ముందు లేనివారి మాట ఎలా మారిపోతుందో ఇరవై ఏళ్ల పిల్ల పసిగట్టడం, గోప్యంగా ఉంచుతానని రైతుకు ఇచ్చిన మాటను కన్నతల్లి దగ్గర కూడా నిలుపుకోవడం నాకు ఎంతో గర్వకారణం.

2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం, యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు వస్తుంది. పంట రుణానికీ, బీమాకూ అదే ఆధారం. తాతగారు సంతకం పెట్టారా అని ఆమె నేరుగానే అడిగింది. కాగితం మీద పేరెక్కితే భూమి చేజారుతుందన్న భయం మా నాన్నగారి తరానికి ఎక్కడి నుంచి వచ్చిందో, 1956 నాటి కౌలుదారీ చట్టం మొదలుకొని ఆయన గంటసేపు చెప్పారు. కార్డు యాజమాన్యాన్ని మార్చదని వాదించి గెలవాలని ఆమె చూడలేదు; రైతు మాటలను రాసుకున్నంత శ్రద్ధగానే ఆయన మాటలనూ రాసుకుంది. సంతకం విషయం ఇంకా తేలలేదు. సార్వాకు (ఖరీఫ్ పంటకు) ముందే తేల్చాలని నేనూ నాన్నగారిని ఒత్తిడి చేస్తున్నాను.

వ్యాసంలో ఊరికీ, మనుషులకూ మారుపేర్లే ఉంటాయి. మన పిల్లలు ఈ శాస్త్రం చదువుతామంటే ఉద్యోగాల లెక్కతోనే ఆపేయవద్దని తోటి తల్లిదండ్రులను కోరుతున్నాను. డెల్టాలో ఇంకా ఎవరూ అడగని ప్రశ్నలు చాలా ఉన్నాయి.